రెండు ఇరుకులు, మూడు సలహాలు

పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం, దానితో పాటు రిపోర్టుల నకళ్లు పంపారు. ఆమె వయసు 32. తొమ్మిదేళ్ల కింద క్రోన్స్ వ్యాధి (పేగుల్లో ఏళ్ల తరబడి వాపు, పుండ్లు తెచ్చే జబ్బు) బయటపడింది. అప్పటినుంచి రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ వాడుతున్నారు, మధ్యమధ్యలో స్టెరాయిడ్ కూడా. ఏడాదిన్నరగా తిన్న గంటకో రెండు గంటలకో బొడ్డు చుట్టూ మెలితిప్పే నొప్పి, ఉబ్బరం, పక్కవాళ్లకు కూడా వినపడేంత గుడగుడలు. గత ఆరు నెలల్లో నాలుగుసార్లు పసరు వాంతులయ్యాయి. అందులో రెండుసార్లు ఆసుపత్రిలో చేరి ముక్కులోంచి గొట్టం వేయించుకోవలసి వచ్చింది. బరువు 54 కిలోల నుంచి 47కు పడిపోయింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ వస్తే, 15కు దిగగానే నొప్పి మళ్లీ మొదలవుతోంది. అందుకే మూడు నెలలుగా 20 దగ్గరే ఆగిపోయారు. నాలుగు నెలల కింద వాపును అణిచే అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలైంది. పరీక్షల్లో పేగు ఇరుకైనట్టు తేలింది.

ఇప్పుడు ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెబుతున్నారు. మొదటినుంచి చూస్తున్న జీర్ణకోశ నిపుణుడు ఇంజెక్షన్‌కు ఇంకొంత సమయం ఇద్దామంటున్నారు. కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టంతో పేగు చూసే పరీక్ష) చేసిన డాక్టరు ఆ ఇరుకును బెలూన్‌తో వెడల్పు చేయవచ్చన్నారు. సర్జన్ ఆపరేషన్ తప్పదన్నారు. ఇంట్లోవాళ్లు ఆపరేషన్ ఆఖరి అస్త్రం అంటారట. "ఒకసారి కోస్తే జీవితాంతం కోస్తూనే ఉండాలట, నిజమేనా? పొట్ట మీద మలం పట్టే సంచి పెడతారా? వచ్చే ఏడాది పిల్లల కోసం ప్రయత్నించాలనుకున్నాం, అది మరచిపోవలసిందేనా? ముగ్గురిలో ఎవరి మాట వినాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

ముగ్గురిలో ఎవరి మాట వినాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఆ ముగ్గురూ ఒకే పేగు గురించి మాట్లాడుతున్నా, ఒకే ఇరుకు గురించి మాట్లాడడం లేదు. మీ ఎంఆర్ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగుకు తీసే ఎంఆర్ స్కాన్) రిపోర్టు రెండో పేజీ తీసి మళ్లీ చదవండి. అందులో ఇరుకులు రెండు ఉన్నాయి. ఒకటి చిన్నపేగు చివర, పెద్దపేగులో కలిసే కవాటం దగ్గర, 6 సెంటీమీటర్ల పొడవున. రెండోది దానికి 25 సెంటీమీటర్ల పైన, 2 సెంటీమీటర్ల పొడవున. అసలు సంగతి తరువాతి వాక్యంలో ఉంది. పేగు ఉబ్బి 3.4 సెంటీమీటర్లకు సాగింది పై ఇరుకుకు వెనకాల. రెండు ఇరుకుల మధ్య ఉన్న పేగు మామూలు వెడల్పులోనే ఉంది.

పైపు ఎక్కడ మూసుకుపోతే దాని వెనకే నీళ్లు నిలుస్తాయి. మీకు వాంతులు తెప్పిస్తున్నది చాలావరకు పై ఇరుకే అనుకోవడానికి ఇది గట్టి ఆధారం. కొలనోస్కోపీ చేసిన డాక్టరు కవాటం దాటి పైకి వెళ్లలేకపోయానని తన రిపోర్టులో రాశారు. అంటే ఆయన కింది ఇరుకు నోరు మాత్రమే చూశారు. పైన ఇంకొకటి ఉన్నట్టు ఆ రోజుకు ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎంఆర్ రెండు వారాల తరువాత తీశారు. ఆయన సలహా ఆ రోజుకు సరైనదే. ఇప్పుడు దాన్ని యథాతథంగా పాటిస్తే తెరుచుకునేది కింది తలుపు, మూసి ఉండేది పై తలుపు.

ఇక రెండు ఇరుకుల స్వభావం. క్రోన్స్ వ్యాధి పేగు గోడను లోపలి పొర నుంచి బయటి పొర దాకా పట్టుకుంటుంది. వాపు వచ్చి మానుతూ, మళ్లీ వచ్చి మానుతూ ఉంటే గోడలో మచ్చ కట్టిన నారకణజాలం పేరుకుంటుంది, కండరం కూడా మందమవుతుంది. కాబట్టి ఇరుకులో నీరు పట్టిన వాపు భాగం ఒకటి, గట్టిపడ్డ మచ్చ భాగం ఒకటి ఉంటాయి. వాపు మందుకు లొంగుతుంది. మచ్చను కరిగించే మందు ఇంతవరకు వాడుకలోకి రాలేదు. ఏ ఇరుకూ నూటికి నూరుపాళ్లు వాపే అనిగానీ మచ్చే అనిగానీ ఉండడం అరుదు, దాదాపు అన్నీ కలగాపులగమే. ప్రశ్నల్లా పాళ్ల గురించే.

మీ కింది ఇరుకులో గోడలో నీరు, స్కాన్‌లో ఇచ్చే కాంట్రాస్ట్ మందు లోపలి పొరకు వెంటనే పట్టడం, పుండ్లు రాశారు. వాపును పట్టిచ్చే పరీక్షల్లో మలంలో కాల్‌ప్రొటెక్టిన్ 620, రక్తంలో సీఆర్‌పీ 18. అక్కడ మంట ఇంకా రగులుతోంది. పై ఇరుకులో నీరు దాదాపు లేదు, కాంట్రాస్ట్ మందు నెమ్మదిగా పట్టి కొన్ని నిమిషాల తరువాత ఎక్కువైంది. మచ్చ పాలు ఎక్కువున్న గోడ ఇలా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. వాపును ఎంఆర్ బాగా పట్టిస్తుంది కానీ మచ్చ ఎంతుందో కచ్చితంగా కొలిచి చెప్పలేదు. అయినా స్టెరాయిడ్ 40 మీద కూడా మీకు తిన్న తరువాత నొప్పి పూర్తిగా పోలేదని రాశారు చూడండి, అది కూడా ఒక పరీక్షే. వాపు తగ్గినా దారి తెరుచుకోలేదంటే మిగిలింది మచ్చే అయ్యుండాలి.

ఇప్పుడు మొదటి దారి, ఇంజెక్షన్ కొనసాగించడం. ఇరుకు ఉన్నవాళ్లలో అడాలిముమాబ్ పనికిరాదని ఒకప్పుడు అనుకునేవారు. 2018లో ప్రచురితమైన క్రియోల్ అనే ఫ్రెంచ్ అధ్యయనం ఆ అభిప్రాయాన్ని మార్చింది. లక్షణాలున్న చిన్నపేగు ఇరుకులతో 97 మందికి ఈ మందు ఇస్తే, 24 వారాలకు 64 శాతం మందిలో ఫలితం కనిపించింది. నాలుగేళ్ల తరువాత సుమారు సగం మంది పేగు కోయించుకోకుండా ఉన్నారు. ఈ అంకె చూసి మీ డాక్టరు ఆశపడడంలో తప్పు లేదు. కానీ అదే అధ్యయనం ఎవరికి బాగా పనిచేసిందో కూడా చెప్పింది. అడ్డం లక్షణాలు మొదలై 5 వారాల లోపు ఉన్నవాళ్లకు, ఇరుకు 12 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్నవాళ్లకు, ఇరుకు వెనక ఉబ్బు 1.8 నుంచి 2.9 సెంటీమీటర్ల మధ్య ఉన్నవాళ్లకు, ఫిస్టులా (పేగు నుంచి పక్కకు ఏర్పడే అసహజ దారి) లేనివాళ్లకు. మీ ఇరుకులు పొట్టివే, ఫిస్టులా లేదు, అంతవరకు బాగుంది. లక్షణాలు మాత్రం ఏడాదిన్నరవి, ఉబ్బు 3.4. ఈ రెండూ మీకు ఎదురు.

అయినా ఈ దారి మూసుకుపోలేదు. ఇందులో ఇంతవరకు ఎవరూ చేయని పని ఒకటుంది, మీ రక్తంలో మందు ఎంత ఉందో చూడలేదు. తరువాతి ఇంజెక్షన్‌కు ముందురోజో అదే రోజు ఉదయమో రక్తం ఇచ్చి అడాలిముమాబ్ స్థాయి, దానికి ఎదురు తిరిగే యాంటీబాడీలు పరీక్ష చేయించండి. స్థాయి తక్కువై యాంటీబాడీలు లేకపోతే, రెండు వారాలకోసారి తీసుకునే 40 మిల్లీగ్రాములు వారానికోసారి చేయడంలో అర్థం ఉంది. స్థాయి తక్కువగా, యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే మందు మార్చాలి. స్థాయి నిండుగా ఉండీ మీరు ఇలా ఉన్నారంటే మందు తన పని చేసింది, మిగిలింది దాని చేతిలో లేదు. ఆస్ట్రేలియాలో స్ట్రైడెంట్ అనే పరీక్షలో 77 మందికి ఎక్కువ మోతాదు అడాలిముమాబ్‌ను అజాథయోప్రిన్ రకం మందుతో కలిపి, మామూలు మోతాదుతో పోల్చి చూశారు. ఏడాదికి లక్షణాలు తగ్గినవాళ్లు గట్టి చికిత్స వైపు 79 శాతం, మామూలు మోతాదు వైపు 64 శాతం. తేడా గణాంకపరంగా గట్టిగా నిలవలేదు, అయినా మందు అసలే విఫలమైనవాళ్లు గట్టి చికిత్స వైపు తక్కువ. మీరు అజాథయోప్రిన్ ఎటూ వాడుతున్నారు, ఆపకండి.

ఈ దారి ఎంచుకుంటే గడువు పెట్టుకోవాలి. "ఇంకొంత సమయం" అనే మాటకు తేదీ ఉండదు, అందులోనే ప్రమాదం. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు అని రాసుకోండి. ఆ తేదీకి ప్రెడ్నిసొలోన్ 10 కిందికి దిగిందా, బరువు నిలబడిందా, వాంతులు ఒక్కసారైనా వచ్చాయా, పేగు అల్ట్రాసౌండ్‌లోగానీ ఎంఆర్‌లోగానీ ఉబ్బు 3 కిందికి వచ్చిందా? వీటిలో ఏ ఒక్క ప్రశ్నకు జవాబు మీకు వ్యతిరేకంగా వచ్చినా ఈ దారి ముగిసినట్టే. స్టెరాయిడ్‌తో నెట్టుకుంటూ గడువు పొడిగించుకుంటూ పోవడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. దానివల్ల మచ్చ తగ్గదు, ఎముకలు అరుగుతాయి, తరువాత ఆపరేషన్ చేయవలసి వస్తే కుట్లు విడిపోయే, చీము పట్టే ముప్పు పెరుగుతుంది. 20 మిల్లీగ్రాములో అంతకు మించో ఆరు వారాల పైన వాడుతున్నవాళ్లను సర్జన్లు ముప్పున్న వర్గంగానే లెక్కేస్తారు. మీరు ఇప్పుడు ఆ గీత మీదే ఉన్నారు.

రెండో దారి బెలూన్. కొలనోస్కోప్ లోపలినుంచి సన్నని బెలూన్‌ను ఇరుకులోకి తోసి, నీటితో నింపి, ఒక నిమిషం అటూ ఇటూగా ఉంచి తీస్తారు. 12 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి అంచెలంచెలుగా 18 దాకా, గరిష్ఠంగా 20 దాకా వెళ్తారు. ఒకే పూట ఆశపడి పెద్ద బెలూన్ వాడితే చిల్లు పడే ప్రమాదం పెరుగుతుంది, అందుకే జాగ్రత్తపరులు రెండు మూడు విడతలు పెట్టుకుంటారు. ఇరుకు 5 సెంటీమీటర్ల లోపు ఉండాలి, వంకర లేకుండా తిన్నగా ఉండాలి, పక్కన ఫిస్టులాగానీ చీముగడ్డగానీ ఉండకూడదు. వేల సంఖ్యలో జరిగిన బెలూన్ చికిత్సలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో పదింట తొమ్మిదిసార్లు ఇరుకు తెరుచుకుంది, పదిమందిలో ఎనిమిది మందికి లక్షణాలు తగ్గాయి. చిల్లు, రక్తస్రావం వంటి పెద్ద ఇబ్బంది ఒక్కో బెలూన్‌కు 2.8 శాతం. రెండేళ్లు గడిచేసరికి నలుగురిలో దాదాపు ముగ్గురికి మళ్లీ బెలూన్ వేయవలసి వచ్చింది. నూటికి 43 మందికి ఆపరేషన్ జరిగింది. కాబట్టి బెలూన్‌ను శాశ్వత పరిష్కారంగా కాక, కొన్నేళ్లు కొనిపెట్టే సాధనంగా చూడండి. చాలామందికి ఆ కొన్నేళ్లు చాలా విలువైనవి.

మీ విషయానికొస్తే, కింది ఇరుకు 6 సెంటీమీటర్లు, పైగా పుండ్లతో ఉంది. బెలూన్‌కు అంత మంచి అభ్యర్థి కాదు. 2 సెంటీమీటర్ల పై ఇరుకు చక్కని అభ్యర్థి, కానీ అక్కడికి మామూలు కొలనోస్కోప్ చేరదు. చేరాలంటే బెలూన్ ఎంటెరోస్కోప్ అనే పొడవాటి పరికరం కావాలి. అదీ కింది ఇరుకును దాటి వెళ్లగలగాలి, లేదంటే నోటి వైపు నుంచి చిన్నపేగు దాదాపు అంతా దాటుకుని రావాలి. ఇది అన్నిచోట్లా చేసే పని కాదు. మీ డాక్టరును సూటిగా అడగండి: "పై ఇరుకును మీరు చేరగలరా? ఇలాంటివి ఏటా ఎన్ని చేస్తారు?" చేరలేనంటే బెలూన్ చర్చ అక్కడితో సరి. స్టెంట్ (ఇరుకును తెరిచి ఉంచడానికి లోపల పెట్టే జాలీ గొట్టం) గురించి కూడా అడిగారు. 2022లో వచ్చిన ఒక పోలిక పరీక్షలో ఏడాదిపాటు మళ్లీ ఏ జోక్యమూ అక్కర్లేకుండా గడిపినవాళ్లు బెలూన్‌తో 80 శాతం, స్టెంట్‌తో 51 శాతం. దాన్ని వదిలేయండి.

మూడో దారి ఆపరేషన్. మీ సర్జన్ మాటను మీరు "పేగు తీసేస్తారు" అని ఒక్క ముక్కలో రాశారు. ఎంత తీస్తారన్నదే ఇక్కడ ముఖ్యం. రెండు ఇరుకులను కలిపి ఒకే ముక్కగా తీస్తే చిన్నపేగు చివరి భాగం 35 సెంటీమీటర్లకు పైగా పోతుంది. విటమిన్ బి12, పైత్యరస లవణాలు తిరిగి రక్తంలోకి చేరేది సరిగ్గా ఆ భాగంలోనే. 20 సెంటీమీటర్లు దాటి తీస్తే బి12 లోపం ముప్పు మొదలవుతుంది, నీళ్ల విరేచనాలు కూడా పట్టుకోవచ్చు. వేరే పద్ధతి ఉంది. కింది 6 సెంటీమీటర్లను కవాటంతో సహా, అటూ ఇటూ 2 సెంటీమీటర్ల మంచి పేగుతో తీసి కలిపేస్తారు. పై ఇరుకును తీయకుండా వెడల్పు చేస్తారు. మంచి పేగు ఎక్కువ తీస్తే జబ్బు తిరిగి రాదనే ఆశ ఒకప్పుడు ఉండేది. 2 సెంటీమీటర్ల అంచునూ 12 సెంటీమీటర్ల అంచునూ పోల్చిన 1996 నాటి పరీక్షలో తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పై ఇరుకును తీయకుండా వెడల్పు చేయడాన్ని స్ట్రిక్చరోప్లాస్టీ అంటారు. ఇరుకు మీదుగా, రెండు వైపులా కాస్త మంచి పేగులోకి వెళ్లేలా నిలువుగా కోసి, ఆ కోతను అడ్డంగా కుడతారు. పేగు అంగుళం కూడా పోదు, దారి వెడల్పవుతుంది. 10 సెంటీమీటర్ల దాకా ఈ సాదా పద్ధతి సరిపోతుంది, మీది రెండే. ఈ కుట్టు మొదట క్షయ వల్ల వచ్చిన పేగు ఇరుకులకు వాడినది. భారతీయ సర్జన్లు 1977లో ఆ అనుభవాన్ని ప్రచురించారు, 1980ల మొదట్లో ఇంగ్లండ్‌లో దాన్ని క్రోన్స్‌కు తెచ్చారు. కోసినప్పుడు ఇరుకు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమని అడగండి. మీ పై ఇరుకును ఇంతవరకు ఎవరూ కళ్లతో చూడలేదు. వ్యాధి తరువాత తిరగబెట్టినా ఈ కుట్టు ఉన్నచోట కంటే వేరే చోటే ఎక్కువగా వస్తుంది. ఎంఆర్‌లో కనపడని మూడో ఇరుకు కూడా ఉండవచ్చు. అందుకని పొట్ట తెరిచినప్పుడు మూత్రానికి వాడే ఫోలీ గొట్టం బెలూన్‌ను రెండు సెంటీమీటర్లకు పైగా ఉబ్బించి పేగులో లాగి చూసే అలవాటు చాలామంది సర్జన్లకు ఉంది. అడిగితే మీ సర్జన్ సంతోషిస్తారు కూడా.

సంచి భయం గురించి. ముందుగా అనుకుని, ఒళ్లు సిద్ధం చేసుకుని చేయించుకునే ఆపరేషన్‌లో ఎక్కువమందికి అదే పూట పేగు కలిపేస్తారు. సంచి పెట్టే సందర్భాలు వేరు. పేగు పూర్తిగా మూసుకుపోయో చిల్లుపడో అర్ధరాత్రి చేసే ఆపరేషన్, పొట్టలో చీము, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్, బాగా పడిపోయిన ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్). అప్పుడు కూడా చాలావరకు తాత్కాలికమే, కొన్ని నెలల తరువాత లోపలికి వేసేస్తారు. విచిత్రం ఏమిటంటే, సంచి భయంతో ఆపరేషన్ వాయిదా వేసేవాళ్లే చివరికి సంచి పెట్టే పరిస్థితికి చేరుకుంటారు. "ఆఖరి అస్త్రం" అన్న మాటతో నాకు పేచీ అక్కడే. ఈ జబ్బులో ఆపరేషన్ సరైన సమయంలో వాడవలసిన మందుల్లో ఒకటి.

కోస్తూనే ఉండాలన్న మాటలో సగం నిజం ఉంది. ఆపరేషన్ వ్యాధిని నయం చేయదు. ఏ మందూ వాడకపోతే ఏడాది తిరిగేసరికి చాలామందికి అతుకు దగ్గర కొత్త పుండ్లు కొలనోస్కోపీలో కనబడతాయి, లక్షణాలు రాకముందే. పాత లెక్కల్లో పదేళ్లలో సుమారు మూడో వంతు మందికి రెండో ఆపరేషన్ పడింది. మిగతా రెండు వంతుల మందికి పడలేదన్నది మీకు ఎవరూ చెప్పి ఉండరు. తిరగబెట్టకుండా చేయగలిగినవి ఉన్నాయి. మీకు ఇప్పటికే ఇరుకులు వచ్చాయి కాబట్టి ఆపరేషన్ తరువాత కొన్ని వారాలకే అడాలిముమాబ్ రకం మందు మళ్లీ మొదలుపెట్టడం, ఆరో నెలలో కొలనోస్కోపీ చేసి అతుకు చూడడం, పుండ్లుంటే లక్షణాలకోసం ఆగకుండా చికిత్స పెంచడం. సిగరెట్ గురించి ఉత్తరంలో ఏమీ రాయలేదు. కాలుస్తుంటే, ఈ పేరా అంతటికంటే అది మానడమే పెద్ద మందు.

ఆపరేషన్ వైపు మొగ్గినా రేపే పరుగెత్తనక్కర్లేదు. ఆరు నెలల్లో 13 శాతం బరువు పోయిన ఒంటి మీద కుట్లు సరిగా మానవు. నాలుగు నుంచి ఆరు వారాలు ఒళ్లు బాగు చేసుకోవాలి. ఇరుకు దాటి వెళ్లేది ద్రవమే కాబట్టి, డైటీషియన్ పర్యవేక్షణలో పూర్తిగా ద్రవరూప పోషకాహారం మీద ఉండే పద్ధతి ఇక్కడ బాగా నప్పుతుంది. మీ బరువుకు రోజుకు 1,400 నుంచి 1,650 కేలరీలు, 56 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ లక్ష్యం. మిల్లీలీటరుకు ఒక కేలరీ ఉండే పానీయమైతే లీటరున్నర దాకా, రోజంతా కొద్దికొద్దిగా, గుక్కెడు గుక్కెడు తాగాలి. ఒకేసారి గ్లాసుడు తాగితే ఉబ్బరం వచ్చి "ఇది నాకు పడదు" అని మానేస్తారు. చాలామంది విఫలమయ్యేది అక్కడే. వారాల తరబడి సరిగా తినకుండా ఉండి ఒక్కసారిగా పూర్తి మోతాదు మొదలుపెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోతాయి. మొదటి వారం అంచెలుగా పెంచుతూ రక్తపరీక్ష చేయించాలి. ఈ ఆహారానికి వాపును తగ్గించే గుణం కూడా ఉంది. దాని అండతో స్టెరాయిడ్‌ను ఆపరేషన్ నాటికి 10 దగ్గరికో ఇంకా కిందికో తేగలిగితే సర్జన్ పని సగం తేలికవుతుంది. అడాలిముమాబ్ వాడుతున్నందువల్ల ఆపరేషన్ తరువాత ఇన్‌ఫెక్షన్లు పెరగలేదని పెద్ద అధ్యయనంలో తేలింది, దానికోసం నెలల తరబడి ఆపి కూర్చోనక్కర్లేదు. ఇనుము, బి12, విటమిన్ డి ఇప్పుడే చూపించుకోండి.

మీ ఉత్తరం నాలుగో పేజీలో రెండు సంగతులు నన్ను ఉలిక్కిపడేలా చేశాయి. నొప్పి వచ్చినప్పుడల్లా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారు. ఈ రకం నొప్పిమాత్రలు పేగులో పుండ్లు పెడతాయి, వాటంతట అవే ఇరుకులు తెచ్చిపెట్టగలవు. మానేయండి. పారాసెటమాల్ వాడవచ్చు. దానితో తగ్గని నొప్పికి మాత్ర వెతుక్కోకండి, డాక్టరును వెతుక్కోండి. రెండోది, విరేచనం తక్కువగా అవుతోందని పీచు పొడి కలుపుకుని తాగుతున్నారు. అది నీళ్లు పీల్చుకుని ఇరుకు ముందు ముద్దకట్టి కూర్చుంటుంది. మీ మలబద్ధకం పీచు లోటు వల్ల వచ్చింది కాదు, దారి ఇరుకై వచ్చింది. ఇంకో మాట, ఎవరో కెమెరా మాత్ర మింగి చూడమన్నారట. ఇరుకులున్న పేగులో అది ఇరుక్కుపోవచ్చు. ముందు కరిగిపోయే నకిలీ మాత్ర దాటి బయటికి వచ్చిందని తేలకుండా మింగవద్దు.

తిండి విషయంలో మీరు అవసరానికి మించి మానేశారు. ఇరుక్కునేవి తొక్కలు, గింజలు, నారలు, పుట్టగొడుగులు, మొక్కజొన్న, నారింజ తొనల పొరలు, నమలని మాంసం ముక్కలు. కూరగాయలు తొక్క తీసి, మెత్తగా ఉడికించి, మెదిపి వడగడితే చాలావరకు తినవచ్చు. మూడు పూటలు కడుపునిండా కాకుండా ఆరు పూటలు కొంచెం కొంచెం తినండి.

ఈలోగా నొప్పి మళ్లీ రావచ్చు. వచ్చిపోయే నొప్పి, ఉబ్బరం, గ్యాస్ ఇంకా పోతోంది, వాంతి లేదు అంటే ఒక రోజు నీళ్లలాంటి ద్రవాల మీదే ఉండి చూడవచ్చు. వాంతులు ఆగకపోయినా, గ్యాస్ పూర్తిగా ఆగిపోయినా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ నోటికి ఏమీ ఇవ్వకుండా ముక్కు గొట్టం, సెలైన్, పొటాషియం, స్కాన్‌తో సాధారణంగా చక్కబడుతుంది. వచ్చిపోయే నొప్పి ఒకేచోట నిలిచిపోయి అదేపనిగా పొడవడం, జ్వరం, గుండె దడ, పొట్ట బల్లలా గట్టిపడడం, కదిలితే భరించలేకపోవడం, ఇవి వేరే లెక్క. పేగుకు రక్తం అందడం లేదనో చిల్లు పడిందనో అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

పిల్లల విషయంలో మరచిపోవలసిందేమీ లేదు, వరస మార్చుకోవాలి అంతే. గర్భం దాల్చే నాటికి వ్యాధి అణగి ఉంటే తొమ్మిది నెలలూ అలాగే ఉండే అవకాశం ఎక్కువ. రగులుతుండగా మొదలుపెడితే రగులుతూనే ఉండే అవకాశం ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు పేగు మూసుకుపోతే ఇద్దరికీ ప్రమాదం. ఉబ్బు 3.4 ఉన్న పేగుతో గర్భం ప్రయత్నించవద్దనే నా గట్టి సలహా. ఇరుకులు ఏ దారిన తేలినా, ఆ తరువాత స్టెరాయిడ్ లేకుండా కొన్ని నెలలు నిలకడగా గడిచాక మొదలుపెట్టండి. అడాలిముమాబ్, అజాథయోప్రిన్ గర్భంలో కొనసాగించే మందులే. ఈ జబ్బుకే వాడే మెథోట్రెక్సేట్ మాత్రం గర్భానికి పనికిరాదు. మందు మార్పు చర్చ వస్తే మీ ఆలోచన ముందే చెప్పండి.

నా మొగ్గు ఎటో దాచను. రెండు ఇరుకులు, 3 దాటిన ఉబ్బు, స్టెరాయిడ్ వదలలేని స్థితి, కరిగిపోతున్న బరువు, వచ్చే ఏడాది గర్భం ఆలోచన. ఇవన్నీ కలిపి చూస్తే, ద్రవాహారంతో ఒళ్లు కోలుకున్నాక కింది భాగం తీసి పై ఇరుకును వెడల్పు చేసే ఆపరేషన్‌కే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. మందు స్థాయి తక్కువని తేలితే పన్నెండు వారాల గడువుతో ఇంజెక్షన్ పెంచి చూడడమూ సమంజసమే. పైగా ఆ పన్నెండు వారాలూ ద్రవాహారం రెండు దారులకూ పనికొస్తుంది. మీ ఎంఆర్ బొమ్మలు అలాంటి కేసులు తరచూ చూసే రేడియాలజిస్టు దగ్గర పెట్టి, జీర్ణకోశ నిపుణుడు, సర్జన్ ఒకే గదిలో కూర్చుని మాట్లాడేలా అడగండి. విడివిడిగా ముగ్గురిని కలిస్తే మీకు మళ్లీ మూడు సలహాలే వస్తాయి.

ఒక కాగితం మీద ఇరుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో, చివరి ఇంజెక్షన్ తేదీ, ప్రెడ్నిసొలోన్ మోతాదు రాసి సంచీలో పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా ఉంచండి. మోతాదును అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో రాయండి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడిన ఒంటికి అది హఠాత్తుగా ఆగితే రక్తపోటు పడిపోతుంది. వాంతులతో మాత్ర నిలవకపోతే దాన్ని సూది రూపంలో ఇవ్వాలని అత్యవసర విభాగంలో మిమ్మల్ని మొదటిసారి చూసే డాక్టరుకు ఆ కాగితమే చెబుతుంది.